పక్కకి తప్పుకునే మనిషి

మొన్నొక ఆదివారం మా అన్నయ్య మనవరాలి ఆట చూడ్డానికి బాచుపల్లిలో దాని స్కూలుకి వెళ్లాను. స్కూళ్ల మధ్య టేబుల్ టెన్నిస్ పోటీలు. ఆడపిల్లల డబుల్స్ జరుగుతోంది. అందులో ఒక పొడుగాటి పిల్ల బంతి కొట్టిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమ పక్కకి జరిగి, తన జోడీకి దారి ఇస్తోంది. డబుల్స్ ఆడేవాళ్లందరూ చేసేదే. జట్టులో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరే కొట్టాలి. ఒకే మనిషి వరసగా రెండుసార్లు కొడితే పాయింటు అవతలివాళ్లకి పోతుంది. అందుకని కొట్టినవాళ్లు తప్పుకుంటారు. అంత మామూలు సంగతికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమైందమ్మా?" అని మా వదిన అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను. తుడిచి అద్దంలా ఉంచిన హాల్లో దుమ్మెక్కడిదని ఆవిడ అడగలేదు. మంచి మనిషి.

నాకు గుర్తొచ్చింది మా ఆఫీసు మేడమ్. పేరు రాయను. ఒకప్పుడు పేపర్లో ఆటల పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఇంకొక పేరుతో జంటగా అచ్చయిన పేరు అది. ఒంటరిగా రాస్తే ఆవిడకే నచ్చదు. ఇప్పుడెక్కడున్నారో తెలియదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగిన మరుసటి ఏడాది నేను బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయి, తిరిగొచ్చేసరికి ఆ కంపెనీ లేదు, ఆవిడ ఉన్న ఇల్లు కూడా లేదు, దాని స్థానంలో బట్టల షాపు ఉంది.

తొంభై ఎనిమిది నాటి మాట. రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు తప్పు చెబుతాయని ప్రపంచమంతా బెంగపడుతున్న రోజులు. ఆ బెంగ మీదే మా జీతాలు. చుట్టూ బండరాళ్లు, తుప్పలు, మధ్యలో ఒకటీ అరా కొత్త అద్దాల భవనాలు. మధ్యాహ్నం పూట రాళ్లు పేలిస్తే కాంటీన్‌లో సాంబారు గిన్నె మీద మూత అదిరేది. బయటికెళ్లి కాసేపు తిరుగుదామంటే వెళ్లడానికి ఏమీ లేదు. అందుకని మా కాలక్షేపానికి సెల్లార్‌లో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల వేయించారు.

మేడమ్ మా అడ్మిన్ ఆఫీసరు. వ్యాన్లు, కాంటీన్, తాళాలు, సెక్యూరిటీవాళ్ల డ్యూటీలు అన్నీ ఆవిడ చూసేవారు. నలభై దాటిన మనిషి. నూలు చీర, కాళ్లకి కాన్వాసు బూట్లు. చీర కిందికి బూట్లేమిటని కొత్తగా చేరినవాళ్లు రెండు రోజులు నవ్వుకునేవారు, తర్వాత అలవాటు పడిపోయేవారు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు కూడా ఆవిడ సొరుగులోనే ఉండేవి. ఎవరైనా అడిగితే ఇచ్చే ముందు రబ్బరు మీద బొటనవేలు ఒకసారి రాసి చూసేవారు. తిరిగి ఇచ్చాక తడి రుమాలుతో తుడిచి, మొఖం దగ్గర పెట్టుకుని ఊది, లోపల పెట్టేవారు. కానీ ఆడటం ఎవరూ చూడలేదు. అడిగితే, "నాకు ఒక్కదాన్నే ఆడనీకి రాదు," అనేవారు. ఎదుటివాళ్లు ఒకరుంటారుగా, ఒక్కదాన్నే ఆడటమేమిటని మాకు అర్థమయ్యేది కాదు.

ఆవిడ మాట తీరు మరీ విచిత్రం. ఒక్క మాట చెప్పి ఆగిపోయేవారు. మీరు బదులు చెబితే ఇంకో మాట. మీరు ఊరుకుంటే ఆవిడా ఊరుకుంటారు. వరసగా రెండు మాటలు ఆవిడ నోటి నుంచి వచ్చేవి కావు. మీటింగులో తన మాట అయిపోగానే ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమ పక్కకి జరిగి నిలబడేవారు. లిఫ్టు దగ్గరా అంతే, కాంటీన్ వరసలోనూ అంతే. వడ్డించే చోటికి తన వంతు వచ్చేసరికి వెనక ఉన్నవాళ్లకి దారి ఇచ్చి మళ్లీ చివరికి పోయేవారు. చాలామంది ఆవిడకి పొగరనుకునేవారు. పాపం, మా కాంటీన్ కాంట్రాక్టరు మాత్రం ఆవిడంటే హడలిపోయేవాడు. ఫోను తీయగానే, "ఇయ్యాల పప్పు సగం ఉడికింది," అని ఊరుకునేవారు. అతను ఏదో సర్దిచెప్పబోయేవాడు, ఇవతల ఉలుకూ పలుకూ ఉండేది కాదు, ఇంకా ఏదో అంటారేమోనన్న భయంతో అడగని తప్పులు కూడా తనే ఒప్పుకునేవాడు.

మధ్యాహ్నం భోజనానికి ఆవిడ కాంటీన్‌లో చివరి బల్ల దగ్గర కూర్చునేవారు. పక్క కుర్చీని ఎవరైనా వచ్చి కూర్చోవడానికి వీలుగా కొంచెం వెనక్కి లాగి పెట్టేవారు. ఎవరూ కూర్చునేవారు కాదు. తిన్నాక ఆ కుర్చీని మళ్లీ బల్ల కిందికి తోసి వెళ్లేవారు.

ఆ కుర్చీలో నేను కూర్చున్నది జాలితో కాదు, నా నోటి దురద కొద్దీ. మేమిద్దరం మదీనాగూడలోనే ఉండేవాళ్లం. నేను ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక పోర్షన్‌లో, ఆవిడ రెండు వీధుల అవతల ఒక మేడ మీద గదిలో. ఒకే వ్యాన్‌లో వెళ్లి ఒకే వ్యాన్‌లో దిగేవాళ్లం. నేను గోదావరి దాన్ని, పక్కన మనిషి ఉండగా నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. మొదట్లో ఆవిడ ఒక్క మాట చెప్పి ఆగిపోతే నాకు ఒళ్లు మండేది. తర్వాత కిటుకు పట్టేశాను. నేను వాగినంతసేపూ ఆవిడా మాట్లాడతారు. నేను ఆపితే ఆవిడ ఆగిపోతారు. అంటే ఆ సంభాషణ ఎంత దూరం పోవాలన్నది నా చేతిలో ఉంది. ఇంక నాకు అడ్డేముంది, కొత్తగూడ చెరువు గట్టు దాటేలోపు మా ఊరి సంగతులన్నీ చెప్పేశాను. "పిల్లా, నువ్వు దమ్ము తీస్కోవా?" అని ఒకరోజు అడిగారు. ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ డిసెంబరులో ఆసియా దేశాల ఆటల పోటీలు జరుగుతుంటే కాంటీన్‌లో టీవీ పెట్టారు. హాకీ వస్తే నిలబడటానికి చోటుండేది కాదు. ఒక మధ్యాహ్నం ఆడవాళ్ల టేబుల్ టెన్నిస్ డబుల్స్ వచ్చింది. మనవాళ్లు కాదు, వేరే ఎవరో. జనమంతా లేచి వెళ్లిపోయారు. టీ కోసం వచ్చిన నేను, గోడ వారన నిలబడ్డ మేడమ్ మిగిలాం. ఆవిడ నన్ను చూడలేదు. టీవీలో ఎర్ర చొక్కా అమ్మాయి కొట్టినప్పుడల్లా ఆవిడ కుడి భుజం కొంచెం లేచేది. ఆ అమ్మాయి తప్పుకోగానే ఆవిడ పాదం వెనక్కి పడేది. ఖాళీ కాంటీన్‌లో ఆ నడివయసు మనిషి, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, ఎవరికో దారి ఇస్తూ అడుగులు వేస్తున్నారు. పక్కన ఎవరూ లేరు. ఆట అయ్యేదాకా అలాగే వేశారు.

సాయంత్రం వ్యాన్ దిగాక అడిగేశాను. "మేడమ్, మీరు ఆడేవారా?"

"ఆడేదాన్ని."

"ఎక్కడిదాకా?"

టీవీ ఉన్న దిక్కు ఇదే అన్నట్టు ఆఫీసు వైపు చెయ్యి చూపించి, "గంత దూరం," అన్నారు. తర్వాత, "చాయ్ తాగుతవా?" అన్నారు. నా బదులు కోసం ఆగకుండా ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి ఆనించిన చిన్న బల్ల. ఫోటోలు లేవు, గెలిచిన కప్పులు లేవు. పతకాలు ఏవండీ అంటే ట్రంకు పెట్టెల ఉన్నయ్ అన్నారు, తీసి చూపించలేదు. అల్లం వేసి చాయ్ పెట్టారు. ఆ కథ నేను ఊఁ కొడుతూ విన్నాను. ఊఁ కొట్టకపోతే కథ నడవదు.

"నా జోడీ ఎడమచేతి వాటం."

"ఊఁ."

"వైజాగ్ పిల్ల."

"ఊఁ."

"ఆటల కోటాల ఇద్దరికీ ఒకటే ఆఫీసుల నౌకరి దొరికింది, సికింద్రాబాద్‌ల ఒకటే రూముల ఉండేటోళ్లం."

ఇలా చాలాసేపు సాగింది. మా ఇద్దరి వంతులూ తీసేసి చెబితే ఆవిడ చెప్పింది ఇదీ. ఆ ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి ఆడారు. ఒకరు కొట్టి తప్పుకునేసరికి రెండోవాళ్లు అక్కడ ఉండేవారు, చూడనక్కర్లేదు, పిలవనక్కర్లేదు. బియ్యం ఒకరు కడిగితే కూర ఒకరు తరిగేవారు. ఆ కాలంలో ఇలాంటి ఆసియా పోటీలకే మన దేశం తరఫున వెళ్లారు. అప్పట్లో గేముకి ఇరవై ఒక్క పాయింట్లు. ఒక మ్యాచ్ గెలిస్తే పతకం ఖాయం అనే చోటికి వచ్చారు. ఆఖరి గేము, ఆఖరి పాయింట్లు, రెండు జట్లవీ సమానం. నేల మీద చెమట ఉందో ఏమో, జోడీ కాలు జారి బోర్లా పడింది. బంతి అటే వచ్చింది. కొట్టాల్సిన వంతు జోడీది. మేడమ్ కొట్టేశారు. అవతలివాళ్లు చెయ్యి కూడా వేయలేకపోయారు. హాలంతా చప్పట్లు కొట్టింది. కానీ కొట్టింది వంతు కాని మనిషి. అంపైరు చెయ్యి అవతలివాళ్ల వైపు లేపాడు. ఆ తర్వాతి పాయింటు కూడా పోయింది. దాంతో మ్యాచ్ అయిపోయింది.

"ఆవిడ తిట్టారా?"

"లే. రైలు కాజీపేట దాటేదాంక ఒక్క మాట మాట్లాడలే."

"తర్వాత?"

"'నేను లేచేదాన్ని,' అన్నది."

వైజాగ్ అమ్మాయి మాటని వైజాగ్ యాసలోనే చెప్పారు. నేను ఊఁ కొట్టడం మర్చిపోయాను. ఆవిడ ఆగిపోయారు. స్టవ్వు మీద మిగిలిన పాలు పొంగుతుంటే దింపి వచ్చారు.

"మీరేమన్నారు?"

"ఏమనలే."

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి జోడీ తన సామాను తీసుకుని చుట్టాలింటికి వెళ్లిపోయింది. తర్వాత వేరే జోడీతో ఆడింది. మేడమ్ ఇంకెవరితోనూ ఆడలేదు. ఒకే ఆఫీసు, ఒకే వరండా. ఆమె ఎదురొస్తే ఈవిడ పక్కకి తప్పుకునేవారు, ఆమె వెళ్లిపోయేది. ఏళ్లపాటు అలా తప్పుకుని, ఇంక తప్పుకోలేక, ఆ గవర్నమెంటు ఉద్యోగం వదిలి మా ప్రైవేటు కంపెనీకి వచ్చారు. జోడీ ఇప్పటికీ సికింద్రాబాద్‌లోనే ఉందట. పెళ్లి చేసుకోలేదట. ఈవిడా చేసుకోలేదు.

నాకు ఆ జోడీ మీద మండుకొచ్చింది. "ఇన్నేళ్లు ఒక్క ఫోను చెయ్యలేదా ఆవిడ? అంత పంతం ఏమిటండీ?"

మేడమ్ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "ఆమె ఎందుకు చెయ్యాలె? ఆమె మాట ఆమె అన్నది. ఇగ వంతు నాది."

ఆ ఊళ్లో, ఆ గదిలో, ఇన్నేళ్లుగా ఒక మనిషి తన వంతు దగ్గర ఆగిపోయి ఉంది. నాకు అప్పటికి అర్థమైంది.

"అయితే సారీ చెప్పేయండి. అదెంత పని?"

"ఎందుకని చెప్పాలె?" అన్నారు. "నేనెందుకు కొట్టిననో నాకే తెల్వదు. పతకం మీద ఆశతోని కొట్టిన్నా? ఆమె లేవదనుకున్ననా? తెల్వకుంట చెప్తే అబద్ధమైతది గద."

అబద్ధమే చెబితే ఏం పోయిందని నా మనసులో ఉంది. ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను. నేను ఊరుకున్నాను గనక ఆవిడా ఊరుకున్నారు. గ్లాసులు కడిగి బోర్లించాక లేచి వచ్చేశాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఆఫీసు వార్షికోత్సవం అన్నారు. పాటలు, ముగ్గులు, క్యారమ్స్, టేబుల్ టెన్నిస్. ఆడవాళ్లకి డబుల్స్ పెట్టారు, ఎందుకంటే సింగిల్స్‌కి ఒక్కరూ ముందుకు రాలేదు. ఇద్దరుంటే సిగ్గు సగం తగ్గుతుందని కాబోలు. నేను మేడమ్ దగ్గరికి వెళ్లి, మనిద్దరం ఆడదామన్నాను. ఆడనన్నారు. "నాకు కూడా ఒక్కదాన్నే డబుల్స్ ఆడటం రాదు కదండీ," అన్నాను. ఆవిడ సొరుగు తెరిచి, బ్యాట్ల మీద బొటనవేలు రాసి రాసి, వాటిలో ఒకటి తీసి నాకిచ్చారు. ఇంకొకటి తన కోసం తీసుకున్నారు.

భోజనాల వేళ సెల్లార్‌లో నేర్పించేవారు. కొట్టడం నేర్పలేదు. "కొట్టుడు ఎవడైన నేర్పుతడు, తప్పుకునుడు నేర్చుకో," అనేవారు. "కొట్టినవా, ఇగ నువ్వు ఆడ లేవు. మాయం గావాలె." నేను మాయం కాకుండా ఆవిడ భుజానికి, మోచేతికి, ఒకసారి ముక్కుకి కూడా తగిలాను. బల్ల దగ్గర మాత్రం ఆవిడ వరసగా రెండు మాటలు, మూడు మాటలు మాట్లాడేవారు. జర కిందికి వంగు, బంతిని చూడు, నన్ను చూడకు, నేను ఉంటా, నువ్వు కొట్టి పో. నేను ఉంటా అన్న మాట చాలాసార్లు అనేవారు. నా ఆట ఏమీ బాగుపడలేదు. ఆవిడ మాత్రం అన్నం రెండోసారి పెట్టించుకోవడం మొదలుపెట్టారు.

చెప్పుకోవాలి కనక చెబుతున్నాను, మేం ఫైనల్‌కి వచ్చాం. వచ్చిన జట్లు అసలే తక్కువ. పైగా నేను పోగొట్టిన పాయింట్లన్నీ ఆవిడ తిరిగి సంపాదించారు. మా టీమ్ లీడరు కుర్చీ వేసుకుని అంపైరుగా కూర్చున్నాడు. సెల్లార్ నిండా జనం, మెట్ల మీద జనం. ఎదురుగా టెస్టింగ్ విభాగం అమ్మాయిలు, ఇద్దరూ నాకంటే చురుకు. ఆఖర్లో మేడమ్ కొట్టి తప్పుకోగానే ఆ చోటికి నేను పరిగెత్తి, కొత్త చెప్పులు పాలిష్ రాళ్ల మీద జారి, దభీమని మోకాళ్ల మీద పడ్డాను. అవతలివాళ్లు తిప్పికొట్టిన బంతి మళ్లీ మా వైపు వచ్చింది. మేడమ్ అంతకుముందే కొట్టారు, వంతు నాది. నేను తల ఎత్తి చూశాను.

ఆవిడ కొట్టేశారు.

బంతి అవతలి మూల తాకి గోడ దాకా పోయింది. జనం గోల చేశారు. మా టీమ్ లీడరు నవ్వుతూ, "మేడమ్, అది మీ వంతు కాదు," అన్నాడు. పాయింటు పోయింది, కాసేపట్లో ఫైనలూ పోయింది. బహుమతిగా పెట్టిన స్టీలు టిఫిన్ డబ్బాలు టెస్టింగ్‌వాళ్లు పట్టుకుపోయారు. ఎవరికీ ఏమీ పట్టలేదు, అంతా పాటల కార్యక్రమానికి పైకి వెళ్లిపోయారు. మెట్ల మీద నేను, నా మోకాలికి తడి రుమాలు చుడుతూ మేడమ్ మిగిలాం.

"కోపమొచ్చిందా?" అన్నారు.

"కొంచెం వచ్చిందండీ. లేచేదాన్నేగా, అంత దెబ్బేం కాదు."

"ఇప్పుడున్నదా?"

"లేదు. మీ ముఖం చూశాక పోయింది."

"నా ముఖంల ఏమున్నది?"

"మీరు బంతిని చూడలేదు మేడమ్. నన్ను చూస్తున్నారు. నన్ను చూస్తూనే కొట్టారు."

ఆవిడ రుమాలు ముడి వేయడం ఆపేశారు. "బంతి నీ మీదికి వస్తుండె," అన్నారు.

"ఆ బంతి తగిలితే ఏమవుతుందండీ, ఈగ వాలినట్టుంటుంది."

"తెల్సు."

ఆవిడ నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. పైన ఎవరో మైకులో పాట ఎత్తుకున్నారు. నేను మాట్లాడలేదు. నా జీవితంలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది తక్కువ. ఆవిడే మాట్లాడారు, నేను ఊఁ కొట్టకుండానే.

"ఆ దినం బంతి ఏ రంగుదో నాకు యాదికి లేదు పిల్లా. ఎటుకెల్లి వచ్చిందో యాదికి లేదు. దాని జడ యాదికున్నది. రిబ్బను ఊడి జడంత నేల మీద పడ్డది. అది ఒక్కటే చూసిన." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఇన్నేండ్ల నుంచి పతకం కోసం కొట్టిన్నా అని పరేషానైతున్న. పతకం కోసమైతే బంతిని చూస్తుంటి గద."

బోర్లా పడి ఉన్న ఆ జోడీ ఈవిడ ముఖం చూసి ఉండదు. చప్పట్లు మాత్రమే వినుంటుంది.

ఆ మర్నాడు సాయంత్రం వ్యాన్ దిగాక ఆవిడ ఇంటి వైపు తిరగలేదు. బొంబాయి హైవే పక్కన కిరాణా కొట్లో గోడకి తగిలించిన ఎర్ర ఫోను ఒకటుండేది. రూపాయి బిళ్ల వేస్తే కాసేపు పనిచేస్తుంది. తర్వాత బీప్‌మంటుంది, ఇంకో బిళ్ల వేయకపోతే లైను పోతుంది. ఆవిడ నేరుగా దాని దగ్గరికి వెళ్లారు. జోడీ నంబరు ఎవరి దగ్గర, ఎప్పుడు సంపాదించారో గానీ చూడకుండా నొక్కారు. నేను పక్కన నా పర్సులో చిల్లర వెతుకుతూ నిలబడ్డాను.

"నేను," అన్నారు ఫోనులో.

అవతల ఏమీ వినిపించలేదనుకుంటాను. ఆవిడ ఆగారు. అలవాటు కొద్దీ ఆగారు. లారీలు పోతున్నాయి. బీప్‌మంది. నేను బిళ్ల వేశాను. మళ్లీ బీప్‌మంది. మళ్లీ వేశాను. అవతలి మనిషి తన వంతు తీసుకోలేదు. ఇంక ఇంతే, ఇంక పెట్టేస్తారు, మళ్లీ ఆ గదిలోకి వెళ్లి కూర్చుంటారు అనుకున్నాను. నాకు భయం వేసింది.

అప్పుడు ఆవిడ రెండో మాట మాట్లాడారు. దాని మీద మూడోది. "నేను బంతిని చూడలే. నీ జడ చూసిన. నువ్వు లేస్తవో లేవవో నేను సోచాయించలే, అంత టైమెక్కడిది. చెయ్యి అదే లేచింది. నువ్వు కింద పడ్డవు గదనే. మళ్ల పడ్డా మళ్ల కొడత. పాయింటు పోతే పోనీ." అవతల నుంచి ఊఁ అన్న చప్పుడు కూడా లేకుండా, వంతు లేకుండా, ఆగకుండా చెప్పుకుంటూ పోయారు. వంట సంగతులు కూడా ఏవో చెప్పారు. ఒక వంకాయ కూర గురించి ఏదో అన్నారు. చెప్పీ చెప్పీ, మాటలు అయిపోయి, రిసీవరు చెవికి అదిమి పట్టుకుని నిలబడ్డారు.

వెనక ఒక సెక్యూరిటీ గార్డు ఊరికి ఫోను చేసుకోవడానికి నిలబడి ఉన్నాడు. "మేడమ్, జర జల్దీ," అన్నాడు. ఆవిడ కదల్లేదు. కొట్టాయన తల బయటికి పెట్టి, "ఏందమ్మా, మాట్లాడకుండనే పైసలేస్తున్నరు, లైన్ కట్టయినట్టుంది చూసుకోండ్రి," అన్నాడు. ఆవిడ కాదన్నట్టు తల ఊపి, నా వైపు చూడకుండా చెయ్యి చాచారు. నేను ఇంకో బిళ్ల పెట్టాను. అది అయ్యాక ఇంకోటి. నా పర్సులోవి అయిపోతే కొట్టాయన్ని పది రూపాయలకి చిల్లర అడిగాను. గల్లాలో వెతికి ఉన్న బిళ్లలన్నీ ఇచ్చి, ఇంక లేవమ్మా అన్నాడు. అవీ అయిపోయాయి. చివరిసారి బీప్‌మని, ఫోను తనంతట తనే ఆగిపోయింది.

ఆవిడ రిసీవరు తగిలించి ఇవతలికి వచ్చారు. గార్డు గబగబా ముందుకు జరిగాడు.

"ఏమన్నారండీ?" అన్నాను.

"ఏమనలే."

"ఇంతసేపూ ఏమీ అనలేదా?"

"అనలే," అన్నారు. ఆవిడ ముఖం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు, కానీ చూశాను. "పెట్టెయ్యలే పిల్లా. చిల్లర అయిపొయ్యేదాంక ఇనుకుంటనే ఉన్నది."